పిల్లల క్రిస్మస్ కానుకలకు నవంబరులోనే హద్దు పెట్టుకుందాం

సంపాదకులకు,

నమస్కారం. డిసెంబరు వచ్చిందంటే మా కాజీపేట, హన్మకొండ, వరంగల్ సంఘాలలో సెమీ క్రిస్మస్ కూడికలు, కేరోల్ బృందాల రాకపోకలు మొదలవుతాయి. వాటితోపాటే, పిల్లలకు ఈసారి ఏ కానుక కొనాలి, ఎంత పెట్టాలి అన్న ఆలోచన తల్లిదండ్రులను పట్టుకుంటుంది. సండే స్కూల్‌లో బోధించేదానిగా, ఆ పిల్లల ఇళ్ల పరిస్థితులను దగ్గరగా చూస్తున్నదానిగా నా అభిప్రాయం ఇది: ఆ మొత్తాన్ని నవంబరులోనే, ఇంటి లెక్కలు ముందు పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ తేల్చుకోవాలి, కాస్త ఊహ తెలిసిన పిల్లలకు ఆ సంగతి దాచకుండా చెప్పాలి, సంఘంలో పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకునే కానుకలకు పెద్దలు ఒక గరిష్ఠ పరిమితి ప్రకటించాలి.

క్రిస్మస్ నెలాఖరున వచ్చే పండుగ. జీతం మీద బతికే ఇంట్లో అప్పటికి అద్దె, కిరాణా, పాలు, చిట్టీ పోగా మిగిలేది కొంచెమే. రాబోయే జీతం ఉందన్న ధైర్యంతో ఖర్చు పెడితే, వారం తిరిగేసరికి మళ్లీ అద్దె కట్టాలి, ఆ వెనకే బడి ఫీజు మరో విడత, దాని వెంట సంక్రాంతి. ఒకే కుటుంబంలో కొందరు చర్చికి, కొందరు గుడికి వెళ్లే మా వంటి ఇళ్లలో మేడారం జాతర జరిగే ఏడాది అయితే ఆ ప్రయాణపు ఖర్చు కూడా కలుస్తుంది. రైతుల ఇళ్లలో పరిస్థితి వేరు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన డబ్బు ఆ రోజుల్లోనే అందుతుంది గనుక చెయ్యి నిండుగా కనిపిస్తుంది. అయితే విత్తనాల, పురుగు మందుల దుకాణం బాకీ ఎంత, ఏరిన కూలీలకు ఇవ్వవలసింది ఎంత అన్నది తేలకముందే ఆ డబ్బుతో బొమ్మల దుకాణానికి పోవడం సరికాదు.

కానుకల కోసం విడిగా ఒక మొత్తం అనుకోవడం కంటే, పండుగ ఖర్చంతా ఒకచోట రాసుకుని అందులో కానుకల వంతు ఎంతో చూడటమే మంచిదని నేను నమ్ముతున్నాను. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పండుగకు 8,000 రూపాయలు తీయగలరనుకుందాం. నలుగురి బట్టలకు 4,000, పండుగ వంటకు, పిండివంటలకు, వచ్చిపోయేవారికి 2,000, చర్చిలో వేసే కానుకకు, ఇంటి మీద కట్టే స్టార్‌కు, చిల్లర ఖర్చులకు 1,000 పోతే పిల్లల కానుకలకు మిగిలేది 1,000, అంటే తలా 500. అది చాలదనిపిస్తే పెద్దవారి బట్టల్లోంచి కొంత తీయవచ్చు. బియ్యానికి, నాయనమ్మ మందులకు ఉంచినదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. జీతంలో ఇంత శాతం అని సూత్రం చెప్పేవారున్నారు కాని, ఒకే జీతం వచ్చే రెండిళ్లలో ఒకదానికి ఆసుపత్రి బాకీ ఉండి మరొకదానికి లేకపోవచ్చు గనుక ఆ సూత్రం మీద నాకు నమ్మకం లేదు.

వాయిదాల సంగతి మరింత గట్టిగా చెప్పాలి. 12,000 రూపాయల ట్యాబ్‌ను ఆరు నెలల ఈఎంఐ మీద తీసుకుంటే నెలకు 2,000 చొప్పున జనవరిలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. బడులు తెరిచేది, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు, కొత్త ఫీజు అన్నీ మీదపడేది ఆ జూన్‌లోనే. వడ్డీ లేదు కదా అని దుకాణంలో చెబుతారు. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కం ఇచ్చి ఉంటే వచ్చే తగ్గింపును వదులుకోవడం రూపంలోనో, ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ రూపంలోనో ఆ భారం కొనేవారి మీదే పడుతుంది. క్రెడిట్ కార్డు అయితే ఇంకా ప్రమాదం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే వెనకాడే మనం, కార్డు మీద కనీస మొత్తం మాత్రమే కడుతూ మిగతా బాకీకి నూటికి మూడు రూపాయలు, అంతకు మించి కూడా కడుతున్నామని గమనించడం లేదు.

పిల్లలకు ఖరీదైనది కొనకపోతే పండుగను తక్కువ చేసినట్లవుతుందని బాధపడే తల్లులు నాతో మాట్లాడుతుంటారు. వారికి నేను బైబిలులోని లూకా సువార్త రెండో అధ్యాయం చదివి వినిపిస్తాను. శిశువైన యేసును దేవాలయానికి తీసుకువెళ్లినప్పుడు మరియ, యోసేపు అర్పించినది గువ్వల జత గాని రెండు పావురపు పిల్లలు గాని అని అక్కడ ఉంది. ప్రసవం తర్వాతి అర్పణకు గొర్రెపిల్లను తేలేని తల్లి ఆ రెండు పక్షులను తేవచ్చునని లేవీయకాండము పన్నెండో అధ్యాయం అనుమతి ఇచ్చింది. అంటే ఆ తల్లిదండ్రులు తమ స్థోమతను బట్టే అర్పించారు, అందుకు సిగ్గుపడలేదు. శిశువైన యేసును చూడవచ్చిన జ్ఞానులు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళము గురించి ప్రతి డిసెంబరులో పిల్లల చేత నాటిక వేయిస్తాము. ఆ పావురాల గురించి ఎవరూ వేయించరు, అది నాకు లోటుగానే అనిపిస్తుంది.

ఇక సంఘంలో జరిగేది. చీటీలు తీసి పిల్లలు ఒకరికొకరు కానుకలు ఇచ్చుకునే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది, మా తరగతిలోనూ ఉంది. ఒక ఏడాది ఒక అబ్బాయికి రిమోట్ కారు వచ్చింది. అతని పక్కనున్న పిల్లవాడికి కంపాస్ బాక్సు వచ్చింది. ఆ పిల్లవాడు రంగు కాగితం విప్పి, డబ్బా మూత తీసి చూసి, అందరికీ వినబడేలా ‘గింతేనా?’ అన్నాడు. తల్లి టిఫిన్ సెంటర్‌లో పనిచేసి తెచ్చే కూలి డబ్బులతో దాన్ని కొనిపించుకుని ఇచ్చిన బాబు తర్వాత రెండు ఆదివారాలు తరగతికి రాలేదు. ‘గింతేనా’ అన్న పిల్లవాణ్ణి నేను తప్పుపట్టను, వాడికి ఎనిమిదేళ్లు. ఎవరి స్థోమత ఎంతో పదిమంది ముందు బయటపడేలా ఆ కార్యక్రమాన్ని మనం నడుపుతున్నాము, మార్చవలసింది అది. వంద రూపాయలకు మించకూడదని ముందే చెప్పి, కానుకల మీద పేర్లు లేకుండా అన్నీ ఒక పెట్టెలో వేయించి, పిల్లలు తలా ఒకటి తీసుకునేలా చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లిన తండ్రుల పిల్లల విషయం వేరుగా ఆలోచించాలి. పండుగకు రాలేకపోయిన తండ్రి ఆ లోటు తీరుద్దామని పెద్ద ఫోనో, ఖరీదైన బొమ్మో పంపుతాడు. ఆ ప్రేమను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయినా ఆ అన్నలకు ఒక మాట: కొనేముందు ఇంట్లో ఉన్న పిల్లల తల్లిని అడగండి, ఎండలో సంపాదించిన దిర్హాములలో ఎక్కువ భాగం ఏజెంటు అప్పుకే పోతున్నప్పుడు, పిల్లకు చిన్న కానుక పంపి, క్రిస్మస్ రోజు తీరుబడిగా వీడియో కాల్‌లో మాట్లాడితే ఆ పిల్ల సంతోషానికి లోటుండదు. మేనమామలు, తాతయ్యలు కూడా తల్లిదండ్రులు అనుకున్న హద్దు తెలుసుకుని ఇవ్వాలి. చేతిలో నోటు పెట్టే అలవాటు ఉన్నవారు పోస్టాఫీసులో పిల్లల పేరున ఉన్న ఖాతాలో వేసినా సరిపోతుంది.

తోబుట్టువులకు సమానంగా పెట్టాలా అని కొందరు అడుగుతారు. నాలుగేళ్ల పాపకు ధర తెలియదు, బంతి దొరికితే చాలు. పదేళ్లు దాటినవారు మాత్రం లెక్క చూస్తారు, పోల్చుకుంటారు. వారితో ‘ఈసారి ఒక్కొక్కరికి 500 అనుకున్నాం, ఏది కావాలో మీరే ఆలోచించుకోండి’ అని చెప్పి చూడండి. సైకిల్ కావాలన్నవాడు ఈ ఏటి 500, పుట్టినరోజుకు వచ్చేది కలిపి దాచుకుంటానని తనంతట తానే అనడం నేను చూశాను.

తక్కువ ఖర్చు అన్నానని ఏది పడితే అది కొనమని కాదు. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ గుర్తు లేని ఫ్యాక్టరీ బొమ్మలు, వెనుక బ్యాటరీ మూత స్క్రూ లేకుండా వేలితోనే ఊడి వచ్చేవి ఎంత చవకగా దొరికినా వద్దు. లోపలి బటన్ బ్యాటరీని పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది. క్యారం బోర్డు, తాడాట తాడు, కథల పుస్తకాలు, నిర్మల్ కొయ్య బొమ్మలు ఏ హద్దులోనైనా దొరుకుతాయి.

మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. పాస్టర్లు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు కలిసి కూర్చుని, సండే స్కూల్ కానుకల పరిమితిని నిర్ణయించి, నవంబరు ఆఖరి ఆదివారం ప్రకటనలలో చదివించాలి. తరగతిలో పిల్లల చేత కానుకలు మార్పించే ప్రైవేటు బడుల యాజమాన్యాలు కూడా డైరీలో ‘కానుక తేవాలి’ అని మాత్రమే రాయకుండా, ఎంతలోపు తేవాలో కూడా రాసి పంపాలి.

ఇట్లు,
ఒక సండే స్కూల్ ఉపాధ్యాయురాలు,
కాజీపేట, హన్మకొండ జిల్లా.