చిరుతకి బోను సరే, అది ఎవర్ని ఎంచుకుంటుందో కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అలిపిరి మెట్లదారిలో చిరుత కనిపించిందని వార్త వచ్చినప్పుడల్లా జనం నోట అవే మాటలు, మనిషి రక్తం మరిగిందని, పట్టుకెళ్ళి ఎక్కడో దూరంగా వదలాలని, దారంతా కంచె కట్టాలని. 2023 జూన్‌లో ఒక బాబుని నోట కరుచుకుపోయి జనం కేకలేస్తే వదిలేసింది, ఆగస్టులో ఆరేళ్ళ పాప ప్రాణమే పోయింది, తిరుపతిలో ఉండేవాళ్ళం ఎవరం మర్చిపోలేదు. కానీ ఇన్నాళ్ళయినా చిరుత ఎక్కడ తిరుగుతోందన్న చర్చే గానీ, అది ఎవర్ని చూసి ముందుకొస్తుంది, ఎవర్ని చూసి ఆగిపోతుంది అన్నది భక్తులకి చెప్పేవాళ్ళే లేరు. నన్నడిగితే జాగ్రత్త అంతా అక్కడే ఉంది.

పులి గానీ చిరుత గానీ కనపడిన ప్రతిదాని మీదా పడదు. కొమ్ము తగిలి కాలు విరిగితే దానికి ఆస్పత్రి లేదు కదా, వేటాడలేక ఆకలితో చావాల్సిందే, అందుకని తక్కువ రిస్కులో దొరికేదేదో చూసుకుంటుంది. కర్ణాటక నాగరహొళె అడవిలో వన్యప్రాణి శాస్త్రవేత్తలు ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ చేసిన స్టడీ 1995లో వచ్చింది, అందులో పులి చంపిన జంతువుల సగటు బరువు 91 కిలోల పైనే, చిరుతకి వచ్చేసరికి 38 కిలోల లోపు. అడవి ఒకటే, అందులో తిరిగే మందలూ అవే, అయినా కణితి అనే పెద్ద జింక, అడవిదున్న లాంటి పెద్దవాటి మీద పులి కన్ను, చిరుత మాత్రం తన సైజుకి తగ్గవాటితో సరిపెట్టుకుంటుంది. చాలా దేశాల స్టడీలు కలిపి చూసి 2006లో ఇంకొకళ్ళు తేల్చిందేంటంటే, చిరుత ఎక్కువగా ఎంచుకునేది 10 నుంచి 40 కిలోల జంతువుల్ని, అందులోనూ 23 కిలోల దగ్గర ఉన్నవాటిని. చెప్పడానికి నోరు రావట్లేదు గానీ ఆరేళ్ళ పిల్ల ఎంత బరువుంటుందో ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా తెలుసు.

బరువొక్కటే చూస్తుందని కాదు. రేసుకుక్కలనే అడవికుక్కలైతే గుంపుగా మందని తరిమి, ఏది వెనకపడుతుందో చూసి దాన్ని పట్టుకుంటాయి. చిరుత అంత దూరం పరిగెత్తలేదు, పొద చాటున పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ వచ్చి, బాగా దగ్గరయ్యాకే దూకి మెడ పట్టేస్తుంది. అంటే దానికి చాటు కావాలి, ఎదుటి జంతువు తనని చూడకూడదు. మందలో తలలెత్తి చూసే దుప్పులు నాలుగున్నా దాని పని కష్టం, అదే మందకి కాస్త దూరంగా తల దించుకుని మేసేది దొరికితే సులువు. కొండముచ్చు చెట్టు మీంచి ఒక్క కూత పెట్టిందంటే, తను ఉన్న సంగతి బయటపడిపోయిందని చాలాసార్లు వేట అక్కడితో వదిలేసి వెళ్ళిపోతుంది కూడా. జూన్‌లో ఆ బాబు బతికింది కూడా జనం అరుపుల వల్లేనని నా నమ్మకం.

నిలబడి నడిచే పెద్దమనిషి దాని లెక్కలో మామూలుగా వేట కాదు, లేకపోతే రోజూ అన్ని వేలమంది నడిచే దారిలో ఏం జరిగేదో ఊహించుకోండి. వంగినా కూర్చున్నా మాత్రం లెక్క మారిపోతుంది. ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబర్‌లోనూ 2024 నవంబర్‌లోనూ పులి చేతిలో పోయినవాళ్ళలో పత్తి చేలో ఉన్న ఆడవాళ్ళున్నారు, పత్తి తీసేటప్పుడు నడుం వంచి తల కిందికి పెట్టుకుని ఉంటారు కదా, వెనకనుంచి ఏం వస్తోందో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మన మెట్లదారి చూడండి. జింకల పార్కు దగ్గర కీరా ముక్కలు కొని కంచెలోంచి పెడుతుంటారు, పిల్లలకి సరదాగానే ఉంటుంది, కానీ తిండి అలవాటైన దుప్పులు అక్కడే ముసురుకుంటాయి. దుకాణాల వెనక విస్తరాకులు, జామకాయ ముక్కలు, తినేసిన మొక్కజొన్న కండెలు, వాటి కోసం కుక్కలు, అడవిపందులు. వీటిల్లో చాలావరకు చిరుతకి సరిగ్గా సరిపోయే సైజే, అది రాక ఏం చేస్తుంది. జంతువులకి తిండి పెట్టొద్దని 2023లోనే టీటీడీ చెప్పింది, వినేవాళ్ళేరి? ఇంక పిల్లలు, నేను ముందంటే నేను ముందని మెట్ల మీద పరిగెడతారు, అమ్మానాన్నలు ఆయాసపడుతూ ఎక్కడో కింద ఫోన్ చూసుకుంటూ వస్తుంటారు. ఆ ముందున్న పిల్ల, మందకి దూరంగా మేసే దుప్పి, చిరుత కంటికి రెండూ ఒకటే.

నడిచే భక్తులకి టీటీడీ చేతికర్రలు ఇచ్చినప్పుడు అందరం నవ్వుకున్నాం, జోకులేశాం. నేనైతే కర్రని పూర్తిగా కొట్టిపారేయను, మెట్ల మీద టకటకమని చప్పుడైనా అవుతుంది. కాకపోతే కర్ర నాన్న చేతిలో ఉండి పిల్ల ఎక్కడో పైన ఉంటే అది ఎందుకూ పనికిరాదు.

పట్టుకుని దూరంగా వదిలేయమనేవాళ్ళు మహారాష్ట్ర జున్నర్‌లో ఏమైందో చూడాలి. అక్కడ 2001 నుంచి చిరుతల్ని పట్టి అడవుల్లో వదిలారు, అంతకు ముందు ఏడాదికి సగటున 4 ఉన్న దాడులు ఆ తర్వాత 17 దాకా పోయాయని చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ బృందం లెక్కగట్టింది. కొత్త చోటు తెలీని చిరుత ఇంకెక్కడో మనిషికి ఎదురవుతుంది, ఖాళీ అయిన చోటికి ఇంకోటి వస్తుంది, కుక్కలూ పందులూ అక్కడే ఉన్నంతకాలం ఇది తెగేది కాదు.

కాబట్టి మధ్యాహ్నం తర్వాత చిన్నపిల్లల్ని పంపొద్దన్న రూల్‌ని జనం తిట్టుకోకుండా పాటించాలి, దుకాణాల చెత్త చీకటి పడేలోపు కిందికి దింపాలి, సాయంత్రం పంపే గుంపుల్లో కాస్త పెద్ద పిల్లలుంటే వాళ్ళు మధ్యలో ఉండి చివర ఒక స్టాఫ్ మనిషి నడవాలి. గోవిందనామం గట్టిగా చెప్పుకుంటూ ఎక్కితే పుణ్యం సంగతి అటుంచితే చిరుతకి ముందే వినపడుతుంది, పక్కకి తప్పుకుంటుంది. మీరు కూడా ఈసారి బోను ఫొటో వేసేటప్పుడు దాని పక్కనే ఈ నాలుగు ముక్కలూ ఒక బాక్స్ కట్టి వేయండి, అలిపిరిలో బస్సు దిగే ఊరి జనానికి ఉపయోగపడతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు, తిరుపతి