డోలు దెబ్బ మారిన పాటల గురించి మా స్టూడియో వివరణ

మా అమలాపురం స్టూడియోలో పాటలు చేయించుకుంటున్న భజన బృందాల పెద్దలకు, చర్చి పాటల గాయనీగాయకులకు, పెళ్లి వీడియోలకు సంగీతం చేయించుకునేవారికి నమస్కారం. శ్రావణ మాసం నుంచి కార్తీకం వరకు మా దగ్గర పాటలు తీసుకున్నవారిలో కొందరికి ట్రాకులు ఆలస్యంగా అందాయి, మరికొందరికి తప్పులతో అందాయి. ఫోను చేసి అడిగినవారందరికీ "సిస్టం ప్రాబ్లమండి" అని చెప్పాను. అది నిజం కాదు. సిస్టం బాగానే ఉంది, అందులో వాద్యాలను నేను అమర్చుకున్న పద్ధతే బాగాలేదు. డబ్బు ఇచ్చి పాట చేయించుకున్నవారికి ఆ సంగతి తెలియాలి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక భజన బృందానికి కార్తీక మాసం కోసం శివుడి మీద పాట చేశాను. ట్రాకు అంతా సిద్ధమైన తర్వాత, పాడే పెద్దాయనకు గొంతు పట్టేసి పైస్థాయి అందడం లేదనీ, రెండు శ్రుతిలో ఉన్న పాటను ఒకటికి దించమనీ అడిగారు. అంటే రెండు అర స్వరాలు దించాలి. వాద్యాలన్నిటి మిడి నోట్లనూ (ఏ మీట ఎప్పుడు మోగాలో కంప్యూటరుకు చెప్పే గుర్తులను) ఒకేసారి ఎంచుకుని రెండు మెట్లు కిందికి దించి, రాత్రి పదకొండింటికి ఫైలు పంపించి పడుకున్నాను. మర్నాడు ఆ బృందం పెద్దాయన ఫోను చేసి, "ఆయ్, పాట బాగానే ఉందండి గానీ, డోలు మావాడు వాయించినట్టు లేదండి. పుల్ల దెబ్బ పడాల్సిన చోట వేళ్ల దెబ్బ పడుతోందండి" అన్నారు. విని చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. శాంప్లర్ అంటే అసలు వాద్యం నుంచి ఒక్కో ధ్వనిని విడివిడిగా రికార్డు చేసి కీబోర్డు మీటలకు పంచిపెట్టిన సాఫ్ట్‌వేరు వాద్యం. సన్నాయి, వేణువు లాంటివాటిలో మీట మారితే స్వరం మారుతుంది, డోలులో మాత్రం మీట మారితే దెబ్బే మారిపోతుంది. సన్నాయితో పాటు డోలును కూడా రెండు మీటలు కిందికి జరిపినందువల్ల, తాళం తప్పకుండానే, దరువు మొత్తం వేరే దరువు అయిపోయింది.

ఈ పొరపాటు చేతిజారుడు అని తేల్చేయవచ్చు గానీ, దాని వేరు అంతకంటే లోతుగా ఉంది. నేను రీపర్ అనే సాఫ్ట్‌వేరులో పాటలు చేస్తాను, వాద్యాలకు ఎక్కువగా కాంటాక్ట్ అనే శాంప్లర్ వాడతాను. ఒక మిడి దారిలో 16 ఛానెళ్లు ఉంటాయి కాబట్టి, ఒకే శాంప్లర్‌ను తెరిచి, అందులోనే సన్నాయి ఒకటో ఛానెల్లో, డోలు రెండో ఛానెల్లో, తర్వాత తాళాలు, హార్మోనియం, తంబూరా, వేణువు, వయొలిన్లు, బేసు వరుసగా పెట్టుకోవడం నాకు అలవాటు. కంప్యూటరులో 8 జీబీ మెమరీ ఉన్న రోజుల్లో, శాంప్లర్‌ను ఎనిమిదిసార్లు తెరిస్తే మిషను ఆగిపోతుందనే భయంతో మొదలైన అలవాటు అది. ఒకే శాంప్లర్‌లో ఎనిమిది వాద్యాలు ఉండటం తప్పేమీ కాదు. ఆ ఎనిమిదింటి శబ్దమూ ఒకే స్టీరియో జతలోంచి, ఒకే ట్రాకులోకి (రీపర్‌లో శబ్దం నడిచే ఒక వరుసలోకి) వచ్చేలా వదిలేయడమే నేను చేసిన తప్పు.

అలా వదిలేస్తే ఏమవుతుందో మీలో చాలామంది వినే ఉంటారు, కారణం మాత్రం తెలిసి ఉండదు. పాట గట్టిగా వినిపించాలని ఆ ట్రాకు మీద కంప్రెసర్ పెడతాను. అది శబ్దం హద్దు దాటినప్పుడల్లా మొత్తాన్ని తగ్గిస్తుంది. హద్దు దాటేది డోలు, తగ్గేది మాత్రం అన్నీ. అందుకే కొన్ని పాటల్లో డోలు గట్టిగా పడిన ప్రతిసారీ హార్మోనియం ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకు వచ్చినట్టు ఉంటుంది. రివర్బ్ సంగతీ అంతే. సన్నాయికి గుడి మండపం లాంటి మోత కావాలని రివర్బ్ వేస్తే, అదే మోత తాళాలకూ బేసుకూ అంటుకుని పాట అడుగంతా బురదబురదగా తయారయ్యేది. "డోలు కొంచెం తగ్గించండి" అని మీరు అడిగిన చిన్న పనికి నేను రెండు రోజులు గడువు చెప్పడానికి కారణం కూడా ఇదే, ఎందుకంటే డోలుకు విడిగా శబ్దం పెంచి తగ్గించే మీటే (ఫేడర్) లేదు. ఇదంతా రాజోలు పెద్దాయనకు ఫోనులో వివరించబోతే ఆయన సగంలోనే అందుకుని, "అన్ని బోదెలకీ కలిపి ఒకటే తూము పెట్టారన్నమాట" అన్నారు. స్వతహాగా రైతు కావడం వల్ల, నేను పది నిమిషాలు చెప్పింది ఆయనకు ఒక్క మాటలో తేలిపోయింది.

తప్పు తెలిసిన వెంటనే దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాను. శాంప్లర్‌లో ఒక్కో వాద్యానికి ఒక్కో అవుట్‌పుట్ జత కేటాయించి, రీపర్‌లో ఒక్కోదానికి ఒక్కో ట్రాకు తెరిచి, చేత్తో దారులు కట్టాను. కానీ శాంప్లర్ ఉన్న అసలు ట్రాకు నుంచి, అన్నీ కలిసి పాటగా బయటికి వచ్చే మాస్టర్‌కు వెళ్లే దారిని మూయడం మరచిపోయాను. ఆ దారిలో వెళ్లేది మొదటి జత మాత్రమే కావడం వల్ల మిగతా వాద్యాలు సరిగానే ఉన్నాయి, మొదటి జతలో ఉన్న వాద్యం మాత్రం తన ట్రాకు ద్వారా ఒకసారి, అసలు ట్రాకు ద్వారా ఇంకొకసారి, రెండుసార్లు మాస్టర్‌కు చేరింది. ఒకే శబ్దం రెండుసార్లు కలిస్తే 6 డెసిబెళ్లు పెరుగుతుంది. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి వచ్చి పాడి వెళ్లిన ఒక చెల్లెమ్మ క్రిస్మస్ పాటలో మొదటి జతలో ఉన్న వయొలిన్లు గొంతును మింగేయడానికి కారణం అదే. ఫేడర్ ఎంత దించినా వయొలిన్లు ఒక స్థాయి కంటే తగ్గకపోవడం చూసి, ఫేడరే పాడైందేమోనని ఒక సాయంత్రమంతా వృథా చేశాను. ఆ చెల్లెమ్మకు నా క్షమాపణలు, సరిచేసిన పాట ఇప్పటికే పంపించాను.

ఇంకో పెళ్లి పాటలో సన్నాయితో పాటు వేణువు కూడా అదే స్వరాలు వాయించడానికి కారణం, వేణువును అన్ని ఛానెళ్లూ వినే ఓమ్ని పద్ధతిలో వదిలేయడం. ఆ పెళ్లివారికి అదే నచ్చింది కాబట్టి దాని జోలికి వెళ్లలేదు.

కొందరు అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం ఇక్కడ జవాబు చెప్పాలి. "మొన్న పంపిన పాటకూ ఈరోజు పంపిన పాటకూ డోలులో ఏదో తేడా ఉందండి, మేము ఏమీ మార్చమనలేదు కదా" అని అడిగారు. మంచి శాంప్లర్ వాద్యాల్లో ఒకే దెబ్బను నాలుగైదుసార్లు రికార్డు చేసి, వాయించినప్పుడల్లా ఒక్కొక్కటి మార్చిమార్చి వినిపిస్తారు, దీన్ని రౌండ్ రాబిన్ అంటారు. ఆ మార్పు లేకపోతే డోలు కుట్టుమిషను శబ్దంలా ఉంటుంది. కొన్ని వాద్యాల్లో ఆ మార్పిడికి వరుస కూడా ఉండదు. అందువల్ల పాటను మళ్లీ రెండర్ చేస్తే (ఫైలుగా మారిస్తే), నోట్లు అవే అయినా దెబ్బలు ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి. మీ చెవి సరైనదే.

ఇకపై పద్ధతి ఇలా ఉంటుంది. దరువు వాద్యాలకు ఒక శాంప్లర్, స్వర వాద్యాలకు ఇంకో శాంప్లర్ వేరుగా ఉంటాయి, శ్రుతి మార్చమన్నప్పుడు రెండోదాన్ని మాత్రమే ముట్టుకుంటాను. ఒక్కో శాంప్లర్‌కు 16 స్టీరియో జతలు, అంటే 32 శబ్దపు ఛానెళ్లు ముందే కట్టిపెట్టిన ఖాళీ ప్రాజెక్టు ఒకటి తయారుచేసుకున్నాను, ప్రతి కొత్త పాటా అందులోంచే మొదలవుతుంది. రివర్బ్ ఒకటే వేరే ట్రాకులో ఉంటుంది, ఏ వాద్యం నుంచి ఎంత పంపాలో అంతే పంపుతాను. ట్రాకు మీకు నచ్చిందని చెప్పిన రోజే, ప్రతి వాద్యాన్నీ విడివిడిగా వేవ్ ఫైలుగా (రికార్డయిన శబ్దంగా) మార్చి భద్రపరుస్తాను, ఆ తర్వాత డోలు దెబ్బ మారే ప్రసక్తే ఉండదు.

దీనివల్ల మీకు ఒక రోజు ఆలస్యం అవుతుంది, అది కూడా చెప్పాలి. గాయకులు పాడేటప్పుడు తమ గొంతు హెడ్‌ఫోనులో వెంటనే వినిపించాలంటే బఫర్‌ను, అంటే కంప్యూటరు శబ్దాన్ని ఒక్కో విడతలో పోగుచేసుకునే ముక్కను, 128 శాంపిళ్లకు తగ్గించాలి. 48 కిలోహెర్ట్‌జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు) దగ్గర అది దాదాపు 2.7 మిల్లీసెకన్లు, అదే 1024 పెడితే 21 మిల్లీసెకన్లు దాటుతుంది, పాడేవారి లయ తడబడుతుంది. రెండు శాంప్లర్లు, ఇన్ని వాద్యాలతో బఫర్ తగ్గిస్తే నా కంప్యూటరు చిటపటలాడుతుంది. అందుకని వాద్యాలన్నీ వేవ్ ఫైళ్లుగా మారిన తర్వాతే మిమ్మల్ని పాడటానికి పిలుస్తాను. ట్రాకు ఓకే చేసిన రోజు సాయంత్రమే వచ్చి పాడే సౌకర్యం ఇక ఉండదు.

మెమరీ 32 జీబీకి పెంచాను, ఆ ఖర్చు ఎవరి మీదా వేయడం లేదు. వాద్యాలను విడివిడిగా మార్చే పని అదనం కాబట్టి కొత్త పాటలకు మాత్రం 500 రూపాయలు పెరుగుతుంది. శ్రావణం నుంచి ఇప్పటి వరకు చేసిన పాటల్లో డోలు, మోత, శబ్దం హెచ్చుతగ్గులకు సంబంధించిన ఏ తప్పునైనా డబ్బు తీసుకోకుండా సరిచేస్తాను. రాజోలు బృందం అప్పటికే ఆ పాటను ఊళ్లో మైకులో వేసుకున్నారు, దాన్ని వెనక్కి తేలేను. కనుమ నాటి ప్రభల తీర్థానికి వారు అడిగిన పాటను ఉచితంగా చేస్తున్నాను. డిసెంబరు 5 తర్వాత కొత్త క్రిస్మస్ పాటలు ఒప్పుకోలేను.

వాద్యాలు విడివిడిగా కావాలనుకునేవారు పెన్‌డ్రైవ్ తెచ్చుకోవాలి. 24 బిట్లలో ఐదు నిమిషాల స్టీరియో ఫైలు ఒక్కోటి 86 ఎంబీ దాకా వస్తుంది, ఎనిమిది వాద్యాలకు 690 ఎంబీ అవుతుంది. శ్రుతి చెప్పేముందు ఇంట్లో హార్మోనియం పెట్టుకుని, పల్లవి కాకుండా చరణంలో పైకి వెళ్లే చోటు పాడి చూసుకుని చెప్పండి.