ఆ ఫోటో తీసింది ఇంటర్నెట్ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఐర్లాండ్ రాక్ బ్యాండ్ యూ2 మీద వచ్చిన వ్యాసం బాగుంది. డబ్లిన్‌లో ఆ నలుగురూ ఎలా కలిశారు, గాయకుడు బోనో గొంతు, ఎడ్జ్ అనే అతని గిటార్, ఏదీ వదల్లేదు. వ్యాసం నెత్తిన పెద్దగా, ఎడారిలో నలుగురూ నిలబడ్డ నలుపు తెలుపు ఫోటో వేశారు. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఫోటో: ఇంటర్నెట్’ అని ఉంది. నా గొడవంతా ఆ రెండు ముక్కలతోనే.

ఆ ఫోటో తీసింది ఆంటన్ కోర్‌బైన్ అనే డచ్ ఫోటోగ్రాఫర్. 1986 డిసెంబరులో కాలిఫోర్నియా ఎడారుల్లో బ్యాండ్‌ని వెంటేసుకుని తిరిగి తీసిన వాటిలో ఒకటి. 1987లో వచ్చిన ‘ద జాషువా ట్రీ’ ఆల్బమ్‌కి అదే ముఖచిత్రం. డెత్ వ్యాలీలో జబ్రిస్కీ పాయింట్ అనే చోట తీశారు. పేరు ఒక ఎడారి చెట్టుదే గానీ అట్ట ముందువైపు చెట్టు కనపడదు. ఎడారి వెడల్పంతా ఫ్రేములోకి రావాలని ఆయన పానొరమిక్ కెమెరా ఒకటి అద్దెకు తెచ్చారు. అంతకుముందు దాన్ని వాడి ఎరగరు. దాంతో ఫోకస్ కాస్తా వెనక కొండల మీద కూర్చుంది, ముందున్న మనుషులు కొంచెం మసగ్గా పడ్డారు. మా లైన్లో పెళ్లికొడుకు మొహం అలా వస్తే బ్యాలెన్స్ డబ్బుల మీద ఆశ వదులుకోవాల్సిందే! ఆ ఫోటోకి మాత్రం అది కలిసొచ్చింది. కొండలు కొట్టొచ్చినట్టు కనిపిస్తూ, మనుషులు పక్కకి ఒదిగిపోయి ఉంటారు. పైగా అది గడ్డకట్టే చలి. ఎడారిలా కనపడాలి కదా అని కోట్లు విప్పేసి నిలబడ్డారట. ఆ షూటింగులో వాళ్ల మొహాలు అంత సీరియస్‌గా ఉండటానికి అదో కారణమని బోనోనే చెప్పాడు.

నేను కరీంనగర్‌లో ఫోక్ సాంగ్స్‌కి కెమెరా పని చేస్తాను. కోర్‌బైన్ పని గురించి నాలుగు ముక్కలు చెప్పనివ్వండి, మీ వ్యాసంలో చోటు దొరకలేదు కాబట్టి.

1955లో ఒక పాస్టర్ ఇంట పుట్టారు. సిగ్గరి. 1972లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఊళ్లో ఒక బ్యాండ్ ఆరుబయట పాడుతుంటే నాన్న కెమెరా పట్టుకుని వెళ్లారు. చేతిలో కెమెరా ఉంటే స్టేజీ దగ్గరికి పోవడానికి ఒక సాకు దొరుకుతుంది. ఈ మాట సిగ్గరి ఫోటోగ్రాఫర్లకి ఇంకా వివరించక్కర్లేదు. 1979లో లండన్ చేరారు. జాయ్ డివిజన్ అనే బ్యాండ్ పాటలు విని, ఆ సంగీతం పుట్టిన దేశంలో ఉండాలని పోయారు. వెళ్లిన కొద్ది రోజులకే లాంకస్టర్ గేట్ మెట్రో స్టేషన్‌లో వాళ్లని ఫోటో తీశారు. ముగ్గురు వీపు తిప్పి సొరంగంలోకి నడుస్తుంటే గాయకుడు ఇయాన్ కర్టిస్ ఒక్కడే వెనక్కి తిరిగి చూస్తాడు. 1980 మేలో కర్టిస్ 23 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత ఆ ఫోటోని మామూలుగా చూడటం ఎవరివల్లా కాలేదు.

వీడియోల విషయానికొస్తే, నాకు ఆయన్ని గురువుని చేసింది డెపెష్ మోడ్ అనే బ్రిటిష్ బ్యాండ్‌తో చేసిన పని. 1986లో ‘అ క్వశ్చన్ ఆఫ్ టైమ్’తో మొదలుపెట్టి ఆ బ్యాండ్ వీడియోలు, ఆల్బమ్ అట్టలు, 1993 నాటికి స్టేజీ డిజైన్ కూడా ఆయన చేతిలోకే వచ్చాయి. కొన్ని వీడియోలు ఇంట్లో పిల్లల పుట్టినరోజులు తీసుకునే సూపర్ 8 కెమెరాతో తీశారు. 1990లో ‘ఎంజాయ్ ద సైలెన్స్’ కోసం ఆయన చెప్పిన కథ ఒక్క లైనే: గాయకుడు డేవ్ గాన్ రాజు వేషంలో, చంకలో మడత కుర్చీ పెట్టుకుని తిరుగుతుంటాడు. బ్యాండ్ వాళ్లు ముందు వద్దన్నారు. నాకు ఎవరైనా ఆ కథ చెబితే నేనూ వద్దనేవాణ్ణే. అన్నీ ఉన్న రాజు, కాసేపు ప్రశాంతంగా కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నాడని విడమర్చాక ఒప్పుకున్నారు. స్కాట్లాండ్ కొండలు, పోర్చుగల్ సముద్ర తీరం, స్విస్ ఆల్ప్స్ మంచు తిప్పారు. చాలా షాట్లలో రాజు కొండ కింద గోరంత కనిపిస్తాడు. హీరోని అంత చిన్నగా చూపిస్తే మన దగ్గర ప్రొడ్యూసర్ ఎడిటింగ్ రూములోంచి కదలడు.

అమెరికన్ బ్యాండ్ నిర్వాణా పాట ‘హార్ట్ షేప్డ్ బాక్స్’ (1993) వీడియో కూడా ఆయనదే. కలర్‌లో తీసి, నలుపు తెలుపులోకి మార్చి, మళ్లీ చేత్తో రంగులద్దించారు. ఆ ఎరుపు ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో ఎంత కుస్తీ పట్టినా నాకు రాలేదు.

2007లో సొంత డబ్బు కూడా పెట్టి ‘కంట్రోల్’ సినిమా తీశారు, ఆ ఇయాన్ కర్టిస్ జీవితం మీదే. తర్వాత జార్జ్ క్లూనీతో ‘ది అమెరికన్’ తీశారు. ఫ్రేములు అద్భుతం, కథ మాత్రం నత్తనడక. గురువైనా సరే, చెప్పక తప్పదు.

2019 డిసెంబరు 15న నవీ ముంబైలో యూ2 కచేరీ జరిగింది. మీ వ్యాసంలో దాని ప్రస్తావన ఉంది. స్టేజీ వెనక దాదాపు 200 అడుగుల తెర మీద ఎడారి రోడ్డు అలా సాగిపోతూ ఉంటే నేను బోనో వైపు సరిగ్గా చూడనేలేదు. ఆ టూర్‌లో ‘జాషువా ట్రీ’ పాటల వెనక వేసిన ఫిల్ములు కోర్‌బైన్‌వే. ముప్పై ఏళ్లు దాటినా వాళ్లు ఆయన్నే పిలిచారు.

యూట్యూబ్‌లో మేం ఒక పాట పెడితే డ్రోన్ ఎగరేసిన పిల్లాడి పేరు కూడా వేస్తాం. వేయకపోతే వాడు రెండో పాటకి రాడు. పత్రికలో వ్యాసం రాసినవారి పేరు బోల్డ్‌లో ఉంటుంది, కార్టూన్ మీద సంతకం ఉంటుంది, ఫోటోకి మాత్రం ‘ఇంటర్నెట్’. పాత ఫోటోలకి పేర్లెక్కడ వెతకమంటారు అనొచ్చు. ఇలాంటి వాటికి ఆల్బమ్ అట్ట మీదే పేరు అచ్చేసి ఉంటుంది. వచ్చే సంచికలో ఒక్క లైను సవరణ వేస్తే సంతోషిస్తాను.

వీలైతే పెన్నీ స్మిత్ అనే ఫోటోగ్రాఫర్ గురించి కూడా ఒక వ్యాసం వేయండి. 1979లో న్యూయార్క్‌లో క్లాష్ బ్యాండ్ పాల్ సిమోనన్ బేస్ గిటార్‌ని స్టేజీకేసి బాదుతుంటే తీసింది ఆవిడే. ఫోకస్ పోయింది, అట్టకి వద్దు అని ఆవిడ ఎంత చెప్పినా బ్యాండ్ వినలేదు, ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్ మీద అదే వేసింది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక వీడియోగ్రాఫర్
కరీంనగర్