శనివారం టాక్స్ లాయర్ గారితో మీటింగ్

అందరికీ నమస్తే అండీ, ఈ శనివారం పొద్దున 11కి మన క్లబ్‌హౌస్‌కి టాక్స్, బిజినెస్ లాయర్ గారు వస్తున్నారు.

"మా సీపీఏ (టాక్సులు చూసే అకౌంటెంట్) ఉన్నాడుగా, లాయర్ దేనికి" అని నిన్న ఇద్దరు అడిగారు కాబట్టి చెప్తున్నా, ఈయన 3 ఏళ్ల జేడీ (లా డిగ్రీ) చేసి, లాయర్ లైసెన్సుకి రాసే బార్ పరీక్ష పాసై, మళ్లీ టాక్సేషన్‌లో ఎల్‌ఎల్‌ఎం (లాలో మాస్టర్స్) చేశారు, యూఎస్ టాక్స్ కోర్టులో మన తరఫున వాదిస్తారు, సీపీఏలైతే దానికి ఆ కోర్టు పెట్టే పరీక్ష వేరే పాసవ్వాలి.

మన వ్యాపారం ఏ పద్ధతిలో ఉండాలి, ఎల్‌ఎల్‌సీనా ఎస్ కార్పా అని తేల్చుకోలేనివాళ్లు, ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటినవాళ్లు తప్పకుండా రండి, ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే రిపోర్టు) గురించి అడగొచ్చు.

ప్రశ్నలు గురువారం రాత్రిలోపు నాకు విడిగా పంపండి. బ్యాలెన్సులు గ్రూపులో పెట్టకండి బాబూ!

ఎంతమంది వస్తారో కూడా రాయండి, ఇడ్లీలు ఆర్డర్ చెప్పాలి, పోయినసారి చాల్లేదు.