గొడుగు మహాశయునికి

తిరుపతి,
ఆదివారం, సాయంత్రం

ప్రియమైన గొడుగు మహాశయునికి,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయనందుకు ముందుగా క్షమాపణ కోరుకుంటున్నాను. మూడు నెలలుగా ఒక విషయం గొంతులో అడ్డం పడి ఉంది; దానిని దాచిపెట్టి మిగిలినవి రాయబోతే ప్రతి వాక్యమూ అబద్ధంలాగా కనిపించి, కాగితాలు చించివేశాను. ఇంటి సంగతులు ఒక్క ముక్కలో చెప్పివేస్తాను: నాన్నగారు పదవీ విరమణ చేశారు, చెల్లెలు చివరి సంవత్సరంలోకి వచ్చింది, మేడ మీద గది ఇంకా కురుస్తూనే ఉంది, పుత్తూరు సంబంధం దాదాపు ఖాయమైంది. ఇక అసలు విషయం.

మార్చి మొదట్లో ఆఫీసు పని మీద బెంగుళూరు వెళ్ళినప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. రక్షణ లేకుండా జరిగిన కలయిక అది. అంతకు మించి కాగితం మీద పెట్టలేను. మొదటి మూడు రోజులు సిగ్గు తప్ప భయం లేదు. నాలుగో రోజు రాత్రి ఫోనులో చదువుతుండగా, అటువంటి సందర్భంలో 72 గంటల లోపల మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీ సోకకుండా చాలావరకు కాపాడుకోవచ్చునని తెలిసింది. లెక్క వేసుకుంటే 80 గంటలు గడిచిపోయాయి. ఆ ఎనిమిది గంటలను తలచుకొని నేను ఎన్ని రాత్రులు గోడ వైపు తిరిగి పడుకున్నానో నీకు ఎలా చెప్పాలి?

అప్పటినుంచి నా శరీరమే నాకు శత్రువయింది. రోజుకు ఇరవైసార్లు మెడ తడుముకొని గడ్డలు వెతికేవాణ్ణి, తడిమి తడిమి ఆ చోటే నొప్పి పుట్టేది. చెమట పడితే జ్వరమనుకున్నాను. ఏప్రిల్‌లో తిరుపతిలో చెమట పట్టనిది ఎవరికి చెప్పు! వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాలలో కొందరికి జ్వరం, గొంతునొప్పి వస్తాయన్న మాట నిజమే గాని, అవి మామూలు జలుబుకూ వస్తాయి గనుక లక్షణాలను బట్టి ఏదీ తేల్చలేమన్న తర్వాతి వాక్యం నా కళ్ళకు ఆనలేదు.

ఇరవై ఎనిమిదో రోజున పరీక్షకు సిద్ధపడ్డాను. తిరుపతిలో ఎవరైనా చూస్తారని, మాస్కు తగిలించుకొని చిత్తూరు బస్సెక్కి, అక్కడ ఒక ప్రైవేటు ల్యాబుకు వెళ్ళాను. లోపల మన లెక్కల మాస్టారు కూర్చొని ఉన్నారు! మాస్కు ఉన్నా నడకను బట్టి గుర్తుపట్టి, "ఏమిరా, షుగరా?" అని అడిగారు. నేను తల ఊపాను. ఆయన పావుగంటసేపు మెంతుల మహిమ బోధించారు. దాని ఫలితం చివర చెబుతాను.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. "నాన్-రియాక్టివ్", అంటే వైరస్ జాడ కనబడలేదని, స్పష్టంగా ఉండింది. దాని పక్కన 0.38 అనే అంకె, ఆ కింద 1.00 లోపు ఉంటే నాన్-రియాక్టివ్ అనే మాట. మనిషన్నవాడు ఆ మాట చదివి ఇంటికి పోవాలి. నేను మాత్రం 0.38 అంటే సున్నా కాదు గదా, ఏదో కొంచెం ఉన్నట్టే గదా అనుకున్నాను. నలభై అయిదో రోజున మళ్ళీ చేయించుకుంటే 0.52 వచ్చింది. "పెరుగుతోంది!" అనుకొని ఆ రాత్రి గ్రాఫు గీశాను. నవ్వకు, రెండు చుక్కలతో గ్రాఫు గీసినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మే నెలలో, గంగమ్మ జాతరకు ఊరంతా వేషాలు కట్టుకొని తిరుగుతున్న వారంలో, ఇక తట్టుకోలేక ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి వెళ్ళాను. అక్కడ పరీక్ష ఉచితం. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదనీ, ఫలితం గుట్టుగా ఉంచాలనీ 2017 నాటి చట్టం చెబుతోంది. కౌన్సెలర్ మేడమ్ నా రెండు రిపోర్టులనూ, గ్రాఫునూ చూసి, నవ్వు ఆపుకొని ఇలా అడిగింది: "నాయనా, టమోటాల అంగడిలో ఖాళీ తక్కెడ గాలికి కొంచెం ఊగుతుంది. ఊగినంత మాత్రాన దానిలో టమోటాలు ఉన్నట్టేనా?"

ఆ అంకె వైరస్ ఎంత ఉందో చెప్పేది కాదట. యంత్రానికి అందిన సంకేతాన్ని హద్దుగా పెట్టుకున్న విలువతో భాగించగా వచ్చినది మాత్రమేనట. వైరస్ లేని రక్తంలోనూ యంత్రానికి కొంత సంకేతం అందుతుంది, అది ఒక రోజుకూ మరొక రోజుకూ మారుతుంది. హద్దుకు ఇంత దిగువన 0.38 అయినా 0.52 అయినా అర్థం ఒక్కటే. ఒకవేళ రియాక్టివ్ వచ్చినా ఆ ఒక్క పరీక్షతో ఎవరికీ పాజిటివ్ అని చెప్పరనీ, వేరువేరు కిట్లతో మూడు పరీక్షలు చూసిన తర్వాతే నిర్ధారిస్తారనీ, ఆ తర్వాత కూడా మందులు ఉచితంగా ఇస్తారనీ, వాటిని క్రమం తప్పకుండా వాడి వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే భార్యకు గాని భర్తకు గాని కలయిక ద్వారా సోకదనీ ఓపికగా చెప్పింది. ఈ చివరి మాట విన్నప్పుడు, నేను ఇన్నాళ్ళూ భయపడినది జబ్బుకా, ఊరి నోటికా అని... సరే, దాని గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

నేను చేయించుకున్నది నాలుగో తరం పరీక్ష; వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలతో పాటు పి24 అనే వైరస్ ప్రొటీనును కూడా వెతుకుతుంది గనుక నలభై అయిదు రోజులకు దాని మాట నమ్మవచ్చునట. తమ దగ్గర చేసే ర్యాపిడ్ పరీక్ష యాంటీబాడీలను మాత్రమే చూస్తుంది కాబట్టి, మనశ్శాంతి కోసం తొంభై రోజులు నిండిన తర్వాత ఒక్కసారి చేయించుకొని, ఆ పైన ఈ అధ్యాయం మూసివేయమంది. అంతవరకు ఫోనులో వెతకకూడదు, మెడ తడమకూడదు, మరీ ఉండబట్టకపోతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయాలి. మెడ విషయంలో నాలుగుసార్లు మాట తప్పాను.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మన దేశంలో ఈ వైరస్ మొదట బయటపడింది 1986లో. మద్రాసులో సునీతి సొలొమన్, నిర్మల అనే ఇద్దరు వైద్యురాళ్ళు ఆ పనికి పూనుకుంటే, సేకరించిన రక్తాన్ని పరీక్షించే వసతి అక్కడ లేక వేలూరుకు తీసుకొని రావలసి వచ్చింది. నేను దొంగలాగా వెళ్ళిన చిత్తూరుకు వేలూరు ఎంత దూరమో నీకు తెలియదా! ఎవరో అంత శ్రమపడి మొదలుపెట్టిన పరీక్షను నేను గ్రాఫులు గీసుకోవడానికి వాడుకున్నాను.

తొంభై మూడో రోజు మొన్న శుక్రవారం. నెగెటివ్. బయటికి వచ్చి కపిలతీర్థం మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను. సంతోషం కన్నా ఆకలి ఎక్కువగా వేసింది.

పుత్తూరు అమ్మాయికి ఇది చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. చెబితే సంబంధం పోవచ్చు, చెప్పకపోతే నేను... నువ్వు నాలాగా ఆలోచించక, ఆమె అన్నలాగా ఆలోచించి జవాబు రాయి. నీ చంద్రగిరి గొడుగు సంగతి ఈ పదేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు. అదే పద్ధతి నువ్వూ పాటించాలి.

అన్నట్టు, మాస్టారు ఆ వారమే నాన్నగారికి ఫోను చేసి నా షుగరు సంగతి చెప్పివేశారు. అప్పటినుంచి ఇంట్లో నాకు పాయసం లేదు, మామిడిపండు లేదు, పొద్దున్నే నానబెట్టిన మెంతులు. నాకు షుగరు లేదని చెబితే, మరి ల్యాబుకు ఎందుకు వెళ్ళావని అడుగుతారు. ఇదిగో, అమ్మ చక్కెర లేని కాఫీ పట్టుకొని మెట్లెక్కి వస్తోంది, కాగితం దాచివేయాలి. మిగతాది

నీ
లెక్కల మాస్టారి శిష్యుడు