ఓటు లేనివాడికి బేరమెక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

యూనియన్ల వల్లే బాలానగర్, సనత్‌నగర్ ఫ్యాక్టరీలకు తాళాలు పడ్డాయని ఈ మధ్య తరచూ వింటున్నాను. పొద్దున పార్కులో నడిచేవాళ్ల దగ్గర్నుంచి టీవీ చర్చల దాకా అదే మాట. బాలానగర్‌లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ యూనిట్‌లో 31 ఏళ్లు టర్నర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. యూనియన్ కమిటీలో రెండు దఫాలు ఉన్నాను. మా తప్పులు నాకు తెలుసు, అవీ చెబుతాను. కానీ ఈ రోజు అసలు గొడవ యూనియన్ బలం ఎక్కువ కావడం గురించి కాదు, కాంట్రాక్టు కార్మికుడికి యూనియన్‌ను ఎన్నుకునే ఓటే లేకపోవడం గురించి.

కూరగాయల బండి దగ్గర బేరమాడాలన్నా "వద్దులే" అని రెండడుగులు ముందుకు వేయగలగాలి. అప్పుడే వెనక నుంచి పిలుపు వస్తుంది. 5వ తారీఖున ఇంటి అద్దె కట్టాల్సిన మనిషి ఒంటరిగా ఆ రెండడుగులు వేయలేడు. అందరూ కలిసి వేయడానికే యూనియన్.

మా యూనిట్‌లో మూడేళ్లకోసారి వేతన ఒప్పందం జరిగేది. ఒకసారి జీతం 600 రూపాయలు పెంచమని మేం అడిగాం, మేనేజ్‌మెంట్ 150 దగ్గర కూర్చుంది. లేబర్ ఆఫీసులో ఏడు వాయిదాలు. ప్రొడక్షన్ మేనేజర్ లావుపాటి ఫైళ్లు తెచ్చి, మనుషులు పనిచేయడం లేదన్నాడు. మా సెక్రటరీ సంచిలోంచి వాళ్లబ్బాయి లెక్కల నోట్‌బుక్ తీశాడు. ముందు పేజీల్లో కూడికలు, తీసివేతలు. వెనక నుంచి తిప్పితే ఏ షిఫ్టులో ఏ లేతు మీద ఎన్ని పీసులు తయారయ్యాయో, కరెంటు ఎప్పుడు పోయిందో, మెటీరియల్ రాక ఎన్ని గంటలు ఖాళీగా కూర్చున్నామో, ఎనిమిది నెలల లెక్క. ఆఫీసరు దాన్ని పది నిమిషాలు చూశాడు. చివరికి 375 దగ్గర తెగింది, షిఫ్టుకి 80 పీసుల నార్మ్ 90 అయింది. ఆ 90కి ఒప్పుకున్నది మేమే. మమ్మల్ని అడిగి పెంచారు కాబట్టి ఆ నార్మ్ దాటించి చూపించాం కూడా.

అది పాత పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 12(3) కింద అగ్రిమెంట్. అప్పటి చట్టంలో లేబర్ ఆఫీసరు సమక్షంలో రాసుకున్నది కాబట్టి ఆ యూనిట్‌లో కార్మికులందరికీ వర్తించేది. 18(1) వేరు, అది ఆఫీసరు లేకుండా నేరుగా రాసుకునేది, సంతకం పెట్టినవాళ్ల మధ్యే చెల్లేది. ఆ తేడా తర్వాతి ఒప్పందం నాటికి ఒళ్లు మండేలా తెలిసొచ్చింది. పార్టీల గొడవలో పడి మా యూనియన్ రెండు ముక్కలైంది. చిన్న ముక్కలో నలభై మందే. మేనేజ్‌మెంట్ వాళ్లతో 18(1) రాసుకుని, సరిగ్గా దసరాకి ముందు అరియర్స్ చేతిలో పెట్టింది. రెండు నెలల్లో మిగతావాళ్లలో సగం అటు వెళ్లిపోయారు. పండగ పూట ఇంట్లో పిల్లలున్నవాణ్ని ఏమంటాం? ఆ తర్వాత పర్మినెంట్ పోస్టులో ఒక్కణ్నీ తీసుకోలేదు. నేను దిగిపోయేనాటికి పర్మినెంట్ 60 మంది, కాంట్రాక్టు 240. వాళ్ల తరఫున మేం గట్టిగా ఒక్క గేట్ మీటింగ్ కూడా పెట్టలేదు. మా ఇంక్రిమెంట్ మాకు వస్తే చాలనుకున్నాం. యూనియన్ల మీద రాళ్లు వేయదలచినవాళ్లు ఈ రాయి వేయాలి.

సింగరేణినే తీసుకోండి. 1998 నుంచి అక్కడ రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. ఎవరు ఎవరి తరఫున మాట్లాడాలన్న తగాదా ఓటుతో తేలిపోతుంది, మంచి పద్ధతి. అయితే ఆ ఓటర్ల జాబితాలో కాంట్రాక్టు కార్మికులు లేరు. 2024లో లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు. పీల్చేది మాత్రం ఇద్దరూ ఆ బొగ్గు దుమ్మునే.

ఉద్యోగం పర్మినెంట్ కానంత మాత్రాన బేరం కుదరదని కాదు. కృష్ణానగర్‌లో సినిమా కార్మికులంతా దాదాపు రోజువారీ వేతనం వాళ్లే. 2025 ఆగస్టులో 30 శాతం పెంపు అడిగి 18 రోజులు షూటింగులు ఆపారు. చివరికి రోజుకు 2 వేల లోపు వేతనం వాళ్లకు మూడేళ్లలో 15, 2.5, 5 శాతం చొప్పున పెంచేలా తెగింది. సినిమాలోని 24 విభాగాల (క్రాఫ్టుల) యూనియన్ కార్డు ఉన్నవాళ్లంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ కార్డు కోసం కొత్తవాళ్లు పడే పాట్లు వేరే కథ, అదీ బాగుపడాల్సిందే. 2019లో ఆర్టీసీలో అంతకంటే పెద్ద బలగం 52 రోజులు సమ్మె చేసింది. అవతలివాళ్లు మాట్లాడేదే లేదని కూర్చుంటే ఏమవుతుందో అక్కడ చూశాం.

ఇప్పుడు కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. 2020లో పాసై 2025 నవంబర్ 21 నుంచి అమలులో ఉంది. 300 మంది లోపున్న ఫ్యాక్టరీ మూసేయడానికి ఇక సర్కారు అనుమతి అక్కర్లేదు, ఇదివరకు ఆ గీత 100 దగ్గరుండేది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వీటి మీద చాలామంది రాశారు. నాకు నచ్చినది ఒకటుంది: మస్టర్ రోల్ (కంపెనీ హాజరు పట్టీ) మీద ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న యూనియన్‌తో యాజమాన్యం చర్చలు జరపాలి. మా కాలంలో ఈ నిబంధన ఉంటే ఆ 18(1) నాటకం నడిచేది కాదు. కానీ చిక్కంతా ఆ మస్టర్ రోల్‌లోనే ఉంది. కాంట్రాక్టు కార్మికుడి పేరు ఉండేది కాంట్రాక్టర్ రిజిస్టర్లో. మా లాంటి యూనిట్‌లో 60 మందిలో 31 మంది ఎన్నుకున్న సంఘం, 300 మంది నడిపే ఫ్యాక్టరీకి సంఘం అవుతుంది!

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది బయటి రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. ఆ పొద్దున లోపల ఎంతమంది ఉన్నారో రోజుల తరబడి తేలలేదు.

మా తమ్ముడి కొడుకు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో రియాక్టర్ దగ్గర కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. పన్నెండు గంటల షిఫ్టు, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కాదు, మామూలు రేటే. వాళ్లు పాతిక మంది కలిసి ఫిర్యాదు పెడితే నేనూ తోడు వెళ్లాను, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర కార్మిక శాఖ ఆఫీసు ఉన్న అంజయ్య భవన్‌కి. ఆల్విన్‌లో కూలీగా మొదలై, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి పేరది. కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. కాంట్రాక్టర్ మనిషి వచ్చి, "నా టెండర్ మార్చితో అయిపోతుంది సార్, నేనేం రాసివ్వగలను?" అన్నాడు. అతని మాటా నిజమే.

రాష్ట్ర కార్మిక శాఖను నేను అడిగేది రెండే. ఏడాది పొడవునా సాగే పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికుణ్ని కూడా లెక్కేసి ఓటు ఇప్పించే దారి చూడాలి. వాళ్ల జీతాల మీద చర్చ జరిగేటప్పుడు కాంట్రాక్టర్ పక్కన అసలు యజమానిని కూడా కూర్చోబెట్టాలి.

ఏప్రిల్‌లో మావాడికి కొత్త కాంట్రాక్టర్ వచ్చాడు. తొమ్మిదేళ్లుగా చేస్తున్నది అదే రియాక్టర్ దగ్గర, అదే షెడ్డులో. మెడలో వేసుకున్న కొత్త ఐడీ కార్డు మీద చేరిన తేదీ: ఏప్రిల్ 1.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
చింతల్, హైదరాబాద్