చెత్త ఖాళీ ప్లాట్లలోకి ఎందుకొస్తోంది: 2024-25 వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్ అంచున, భూత్పూర్ రోడ్డు వైపున్న మన కాలనీల్లో ఈ ఏడాది పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ సాగింది. పంచాయతీ చెత్తబండి వస్తున్నా చెత్త ప్లాట్లలో ఎందుకు పడుతోంది?

మొదటి కారణం పెంటకుప్ప పోవడం. పశువులున్న రోజుల్లో పేడ, బూడిద, కూరగాయల తొక్కలు కుప్పలో మాగి, మృగశిరకు ముందే చేనుకు చేరేవి. ఇప్పుడు చేను వెంచరైంది. కుప్పకు జాగా లేదు, ఇంటి బయట పారబోసే అలవాటు మాత్రం ఉంది. పైగా కవర్లు, డైపర్లు మాగేవి కావు.

రెండోది బండి. 2019లో మొదలైన పల్లె ప్రగతి అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమంలో పంచాయతీకొక ట్రాక్టర్ వచ్చింది, అప్పటి ఊరికి అది సరిపోయింది. తర్వాత వెంచర్లు పెరిగినా బండి ఒక్కటే. అది ఎనిమిదింటికి వచ్చేసరికి కిరాయికున్నవాళ్లు పనికి పోయి ఉంటారు. రాత్రి వాసనొచ్చే కవరును వాళ్లెక్కడ పెట్టుకుంటారు? వాళ్లను తిట్టడం కంటే బండి వేళ మార్పించడం ముఖ్యమని మా గట్టి అభిప్రాయం. ఇంట్లో తడి, పొడి వేరుచేసినా ట్రాలీలో అడ్డుపలక లేక రెండూ కలిసిపోతున్నాయి. అది చూసినవాళ్లు మర్నాటి నుంచి వేరుచేయరు.

రాత్రిపూట ఎవరో ఒక ట్రాలీ ఇటుక పెళ్లలు పోస్తారు, వారంలో దానిపై కవర్లు, కోడి వ్యర్థాలు చేరతాయి. బోర్డు పెడితే చెత్త పక్క ప్లాటుకు జరుగుతుంది, అంతే. ప్లాట్లలో పెరిగిన సర్కారు తుమ్మ చెత్త పోసేవాళ్లకు చాటు ఇస్తుంది కాబట్టి దాన్ని జేసీబీతో వేళ్లతో సహా తీయించాలి. పైపైన నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

తడిచెత్తకు ఇంటి వెనక మూడడుగుల లోతు గుంత చాలు. అరడుగు చెత్త, అంతే మందం ఎండాకులు, పైన కొంచెం మట్టి, పేడనీళ్లు. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారొద్దు. కంపు కొడితే నీళ్లెక్కువైనట్టే, ఎండాకులు కలిపి తిరగేయాలి. మాంసం, నూనె కూరలు వేస్తే పురుగులు పడతాయి, కుక్కలు తవ్వుతాయి. వానాకాలం రేకు కప్పాలి. రెండు మూడు నెలలకు ఎరువవుతుంది.

వచ్చే ఏడాది పంచాయతీని మూడు అడుగుతాం: వారానికి రెండు సాయంత్రాలు బండి, ట్రాలీకి అడ్డుపలక, డైపర్లకు వేరే సంచి. హైదరాబాద్‌లో ఉండే ప్లాట్ల యజమానులకు వానలకు ముందే ఉత్తరాలు రాస్తాం. వాళ్ల చిరునామాలు తెలిసిన సభ్యులు కార్యదర్శికి ఇవ్వగలరు.